ఇంగ్లిష్ క్రియ వెంట వచ్చే చిన్న మాటలు: ఏది ఎక్కడ పెట్టాలి?

"టర్న్ ఆఫ్" అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఉండరు. స్విచ్ కట్టేయడం. అయినా ఫ్యాన్ గురించి మాట్లాడుతూ "ప్లీజ్ టర్న్ ఆఫ్ ఇట్" అనేస్తాం. మాట తెలుసు, అర్థం తెలుసు, వాక్యం మాత్రం తప్పు. "టర్న్ ఇట్ ఆఫ్" అనాలి. సరే, అదే సూత్రమని "లుక్ ఎట్" దగ్గర కూడా "లుక్ ఇట్ ఎట్" అంటే ఎవరికీ అర్థం కాదు. అక్కడ "లుక్ ఎట్ ఇట్" అనే అనాలి. రెండూ పైకి ఒకేలా ఉన్నాయి. ఒక క్రియ, దాని వెనక ఒక చిన్న మాట. మరి "ఇట్" ఒకచోట మధ్యలోకి ఎందుకు దూరింది, ఇంకోచోట ఎందుకు దూరలేదు?

చాలామంది ఈ ప్రశ్న జోలికే పోకుండా ఐదు వందల ఫ్రేజల్ వెర్బ్స్ (ఇలా క్రియ, చిన్న మాట కలిసిన జంటలు) జాబితా ఒకటి సంపాదించి బట్టీ పట్టడం మొదలుపెడతారు. యాభై దాటేసరికి మొదటి ఇరవై మర్చిపోతారు. నన్నడిగితే ఆ జాబితాలతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. అవి అర్థం చెబుతాయి. మనం నోరు తెరిచాక తడబడేది అర్థం దగ్గర కాదు, స్థానం దగ్గర. అందుకే ఇక్కడ వరస మార్చి చెబుతున్నాను: ముందు స్థానం, ఆ తర్వాతే అర్థం.

ఇది మన ఒక్కరికే కష్టమని బెంగపడకండి. 1755లో ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చిన శామ్యూల్ జాన్సన్ దాని ముందుమాటలోనే ఈ సంగతి రాశాడు. క్రియ వెనక చిన్న మాట తగిలించి అర్థం మార్చేయడం ఈ భాషలో చాలా ఎక్కువనీ, పరాయి భాషలవాళ్ళకు అన్నిటికన్నా కష్టం అదేననీ.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. ఇంగ్లిష్‌లో ఒక ఎఫ్ ఉన్న మాట ఒకటి, రెండు ఎఫ్‌లున్న మాట ఒకటి ఉన్నాయి. తెలుగులో రెండిటినీ "ఆఫ్" అనే రాస్తాం. ఒక ఎఫ్ ఉన్నదాన్ని ఇంగ్లిష్ వాళ్ళు "ఒవ్" అని పలుకుతారు కాబట్టి ఇక్కడ దాన్ని "ఒవ్" అనే రాస్తాను. "ఆఫ్" అని కనిపిస్తే అది రెండు ఎఫ్‌లదే.

మొదటి అడుగు: ఆ చిన్న మాట ఎవరి పక్షమో తేల్చుకోండి

క్రియ వెనక ఉన్న చిన్న మాట రెండు పక్షాల్లో ఏదో ఒకదానికి చెందుతుంది. క్రియ పక్షమైతే అది క్రియా విశేషణం, అంటే యాడ్‌వెర్బ్. తన తర్వాత వచ్చే నామవాచకం పక్షమైతే అది ప్రిపోజిషన్. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. దాని వెనక నామవాచకం లేకుండా అది నిలబడగలదా అని చూడండి.

"హీ ఫెల్ డౌన్." అతను కింద పడ్డాడు. "డౌన్" తర్వాత ఏమీ లేదు, వాక్యం నిండుగానే ఉంది. అది యాడ్‌వెర్బ్. "హీ ఫెల్ డౌన్ ది స్టెయిర్స్." మెట్ల మీంచి కిందికి దొర్లాడు. ఇక్కడ "డౌన్" మెట్లను పట్టుకుని ఉంది. అది ప్రిపోజిషన్. మాట అదే, పని మారింది. కాబట్టి "డౌన్ అనేది యాడ్‌వెర్బా, ప్రిపోజిషనా" అని విడిగా అడిగితే జవాబు ఉండదు. ఏ వాక్యంలో అని అడగాలి.

కొన్ని మాటలు మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకే పక్షాన ఉంటాయి. "ఎట్", "ఫర్", "ఫ్రమ్", "ఒవ్", "విత్", "ఇంటు" ప్రిపోజిషన్లు. "అవే", "బ్యాక్", "టుగెదర్", "ఫార్వర్డ్" యాడ్‌వెర్బులు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టేవి "అప్", "డౌన్", "ఇన్", "ఆన్", "ఆఫ్", "ఓవర్", "త్రూ", "అరౌండ్". మన తిప్పలన్నీ ఈ చివరి గుంపుతోనే.

తెలుగులో ఈ గొడవ రాదు. మన కి, తో, మీద, కోసం, గురించి అన్నీ నామవాచకం వెనకే వస్తాయి. "ఫ్యాన్ కోసం", "ఫ్యాన్ మీద" అంటే "కోసం", "మీద" ఎవరివో అడగనక్కర్లేదు. ఇంగ్లిష్‌లో ప్రిపోజిషన్ నామవాచకానికి ముందు వస్తుంది, అంటే సరిగ్గా క్రియ పక్కన నిలబడుతుంది. యాడ్‌వెర్బ్ కూడా అక్కడే నిలబడుతుంది. అందుకే రెండూ ఒకేలా కనిపించి మోసం చేస్తాయి.

రెండో అడుగు: "ఇట్" పెట్టి చూడండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి. క్రియ, చిన్న మాట, ఆ తర్వాత ఒక నామవాచకం ఉన్న వాక్యం తీసుకోండి. నామవాచకం తీసేసి "ఇట్" గానీ "హిమ్" గానీ "దెమ్" గానీ పెట్టండి.

చిన్న మాట యాడ్‌వెర్బ్ అయితే సర్వనామం మధ్యలోకి వచ్చి తీరాలి. "టర్న్ ఇట్ ఆఫ్", "పిక్ దెమ్ అప్", "త్రో ఇట్ అవే", "కాల్ హిమ్ బ్యాక్", "పుట్ ఇట్ ఆన్". ఇందులో మినహాయింపు దాదాపు లేదు. చిన్న మాట ప్రిపోజిషన్ అయితే సర్వనామం దాని తర్వాతే రావాలి. "లుక్ ఎట్ ఇట్", "వెయిట్ ఫర్ హిమ్", "లుక్ ఆఫ్టర్ దెమ్", "డిపెండ్ ఆన్ ఇట్", "లిజన్ టు హిమ్". ఇందులోనూ మినహాయింపు లేదు.

సర్వనామం కాకుండా మామూలు నామవాచకం ఉంటే యాడ్‌వెర్బ్ జంటలకు రెండు దారులున్నాయి. "టర్న్ ఆఫ్ ది ఫ్యాన్" అనవచ్చు, "టర్న్ ది ఫ్యాన్ ఆఫ్" అనవచ్చు. మనం స్కూల్లో మొదటిది నేర్చుకుంటాం, దాని మీదుగానే "టర్న్ ఆఫ్ ఇట్" దగ్గరికి జారిపోతాం. కర్మ (ఆబ్జెక్ట్) బాగా పొడుగ్గా ఉంటే మాత్రం మధ్యలో పెట్టకండి. "తలుపు దగ్గర నువ్వు వదిలేసిన ఆ నల్ల బ్యాగ్ తీసుకో" అనే భావం చెప్పాలంటే "పిక్ అప్ దట్ బ్లాక్ బ్యాగ్ యు లెఫ్ట్ నియర్ ది డోర్" అంటారు. "పిక్" తర్వాత అంత సామాను దింపి, చివర్లో "అప్" అంటే వినేవాడు అప్పటికి దాన్ని మర్చిపోయి ఉంటాడు.

ఈ పరీక్ష ఎంత పదునైనదో ఒక జంట వాక్యాల్లో చూడండి. "షీ ర్యాన్ అప్ ఎ హిల్." ఆమె గుట్ట పైకి పరుగెత్తింది. "షీ ర్యాన్ అప్ ఎ బిల్." బిల్లు తడిసి మోపెడయ్యేలా చేసింది. హిల్, బిల్ అనే ఒక్క అక్షరం తప్ప రెండు వాక్యాలూ అచ్చంగా ఒకటే. ఇప్పుడు "ఇట్" పెట్టండి. గుట్ట అయితే "షీ ర్యాన్ అప్ ఇట్". బిల్లు అయితే "షీ ర్యాన్ ఇట్ అప్". మొదటిదానిలో "అప్" గుట్టతో ముడిపడి ఉంది, ఎటు పరుగెత్తిందో చెబుతోంది. రెండోదానిలో "అప్" క్రియతో కలిసిపోయింది, అక్కడ పైకీ లేదు, పరుగూ లేదు. "లుక్ ఓవర్ ది వాల్", "లుక్ ఓవర్ ది లెటర్" కూడా ఇలాంటి జంటే. గోడ అయితే "లుక్ ఓవర్ ఇట్", గోడ పైనుంచి అవతలికి చూడటం. ఉత్తరం అయితే "లుక్ ఇట్ ఓవర్", ఒకసారి పైపైన చదివి చూడటం.

ఇది చూసి ఒక తప్పుడు సూత్రం తయారుచేసుకునే ప్రమాదం ఉంది. అర్థం వింతగా మారితే "ఇట్" మధ్యలోకి వస్తుందని. అది నిజం కాదు. "లుక్ ఆఫ్టర్" అంటే వెనకాల చూడటం కాదు, బాగోగులు చూసుకోవడం. అర్థం పూర్తిగా మారింది, అయినా "లుక్ ఆఫ్టర్ హిమ్" అనే అంటాం. "గెట్ ఓవర్ ఇట్" అంటే ఆ బాధ నుంచి తేరుకోవడం, అక్కడా "ఇట్" చివర్లోనే. అర్థం ఎంత మారినా ఇక్కడ లెక్కలోకి రాదు, చిన్న మాట ఎవరి పక్షమన్నదే లెక్క.

కర్మే లేని జంటలతో ఏ బాధా లేదు. "గ్రో అప్", "షో అప్", "బ్రేక్ డౌన్" లాంటివి. "ది కార్ బ్రోక్ డౌన్" అంటే కారు ఆగిపోయింది, అంతే. మధ్యలో పెట్టడానికి ఏమీ లేదు.

మూడో అడుగు: చెవి పెట్టండి

మాట్లాడేటప్పుడు పరీక్షలు పెట్టుకునే తీరిక ఉండదు. అక్కడ ఆదుకునేది చెవి. "టర్న్ ఇట్ ఆఫ్" అన్నప్పుడు ఇంగ్లిష్ వాళ్ళు "ఆఫ్"ను ఒత్తి పలుకుతారు. "లుక్ ఎట్ ఇట్" అన్నప్పుడు "లుక్"ను ఒత్తి, "ఎట్"ను దాదాపు మింగేస్తారు. యాడ్‌వెర్బ్‌కు బరువుంటుంది, ప్రిపోజిషన్‌కు ఉండదు. "వెయిట్ ఫర్ మీ" అన్న మాట వింటే మధ్యలో "ఫ" అనే పిసరు తప్ప ఇంకేమీ వినపడకపోవచ్చు.

మనం మాటలన్నిటికీ ఇంచుమించు ఒకే బరువిచ్చి పలుకుతాం కాబట్టి ఈ తేడా మన నోట్లో పోతుంది. ఏదైనా సంభాషణ వింటున్నప్పుడు ఓ ఐదు నిమిషాలు దీనికోసమే వినండి. చివర్లో గట్టిగా వినపడే "అప్", "ఆఫ్", "ఔట్" అన్నీ యాడ్‌వెర్బులే. ఆ తర్వాత మీరే గట్టిగా అని చూడండి: "పుట్ ఇట్ ఆన్, టేక్ ఇట్ ఆఫ్, గివ్ ఇట్ బ్యాక్." లయ నోటికి పడితే "గివ్ బ్యాక్ ఇట్" అనడానికి నోరే ఒప్పుకోదు.

నాలుగో అడుగు: మూడు మాటల ముడి

క్రియ, యాడ్‌వెర్బ్, ప్రిపోజిషన్ మూడూ కలిసి ఒకే మాటగా పనిచేసేవి కొన్ని ఉన్నాయి. "పుట్ అప్ విత్" అంటే భరించడం. "రన్ ఔట్ ఒవ్" అంటే అయిపోవడం. "కమ్ అప్ విత్" అంటే ఒక ఉపాయమో ఆలోచనో తట్టించుకుని చెప్పడం. "గెట్ అవే విత్" అంటే తప్పు చేసి దొరక్కుండా తప్పించుకోవడం. "క్యాచ్ అప్ విత్", "కట్ డౌన్ ఆన్", "లుక్ డౌన్ ఆన్", "లుక్ ఫార్వర్డ్ టు" కూడా ఈ కోవలోవే.

భయపెట్టేలా ఉన్నా వాడుకలో ఇవే తేలిక. చివర్లో ప్రిపోజిషన్ ఉంది కాబట్టి కర్మ ఎప్పుడూ దాని తర్వాతే. "ఐ కాంట్ పుట్ అప్ విత్ ఇట్." మూడు మాటల్నీ విడదీసే పని లేదు, ఒకే ఊపులో అనేయడమే.

చిక్కల్లా ఒకదాని దగ్గరే, "లుక్ ఫార్వర్డ్ టు". ఆఫీసు మెయిళ్ళలో "ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు" అని కుప్పలు తెప్పలుగా కనిపిస్తుంది. "టు" కనపడగానే దాని వెనక క్రియ మూలరూపం పెట్టడం మనకు అలవాటు: "టు గో", "టు ఈట్". కానీ ఇక్కడి "టు" ప్రిపోజిషన్. ప్రిపోజిషన్ వెనక నామవాచకం కావాలి, క్రియను పెట్టాలంటే దానికి ఐఎన్‌జి తగిలించాలి. "ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు." అనుమానం వస్తే "టు" తర్వాత ఒక నామవాచకం పెట్టి చూడండి. "ఐ లుక్ ఫార్వర్డ్ టు ది హాలిడేస్" బాగానే ఉంది, కాబట్టి అది ప్రిపోజిషన్. "ఐ వాంట్ టు ది హాలిడేస్" అనలేం, కాబట్టి "వాంట్" తర్వాతి "టు" అది కాదు.

ఇదే కొలతతో ఇంకో చిక్కుముడి కూడా విడిపోతుంది. "ఐ యూజ్డ్ టు వేక్ అప్ ఎర్లీ" అంటే ఒకప్పుడు త్వరగా లేచేవాణ్ణి, ఇప్పుడు లేవట్లేదు. "ఐ యామ్ యూజ్డ్ టు వేకింగ్ అప్ ఎర్లీ" అంటే త్వరగా లేవడం నాకు అలవాటే. రెండోదానిలో "ఐ యామ్ యూజ్డ్ టు ది నాయిస్" అని నామవాచకం పెట్టగలం, అందుకే అక్కడ ఐఎన్‌జి వచ్చింది.

ఐదో అడుగు: తెలుగు విభక్తి ఎక్కడ కాలు అడ్డం పెడుతుందో చూసుకోండి

మన తప్పుల్లో పెద్ద వాటా ఇక్కడిదే. కారణం సులువు. "గురించి" చర్చిస్తాం కాబట్టి "డిస్కస్ ఎబౌట్" అంటాం. "డిస్కస్"కు ప్రిపోజిషన్ అక్కర్లేదు, "లెట్స్ డిస్కస్ ది ప్రాబ్లమ్" చాలు. అయితే "టాక్"కు కావాలి: "లెట్స్ టాక్ ఎబౌట్ ది ప్రాబ్లమ్". "డిస్కషన్" అనే నామవాచకానికీ కావాలి: "ఎ డిస్కషన్ ఎబౌట్ ది ప్రాబ్లమ్". తికమక పుట్టేది అక్కడే. "రిక్వెస్ట్" కూడా అంతే. క్రియగా "ఐ రిక్వెస్టెడ్ హెల్ప్", నామవాచకంగా "మై రిక్వెస్ట్ ఫర్ హెల్ప్". క్రియకు "ఫర్" తగిలిస్తే తప్పు.

"తో" పెళ్ళి అవుతుంది కాబట్టి "మ్యారీడ్ విత్ హర్" అంటాం. "హీ మ్యారీడ్ హర్" అనాలి, లేదా "హీ ఈజ్ మ్యారీడ్ టు హర్". గది"లోకి" ప్రవేశిస్తాం కాబట్టి "ఎంటర్డ్ ఇంటు ది రూమ్" అంటాం. "ఎంటర్డ్ ది రూమ్" చాలు. ఒప్పందం కుదుర్చుకోవడానికి మాత్రం "ఎంటర్ ఇంటు" సరైనదే. "రీచ్"కు "టు" వద్దు, "ఆన్సర్"కు "టు" వద్దు, "ఎంఫసైజ్"కు "ఆన్" వద్దు, "రిజెంబుల్"కు "విత్" వద్దు. "వెయిట్"కు "ఫర్" కావాలి, "అవెయిట్"కు వద్దు.

వెనక నుంచి కూడా దెబ్బ పడుతుంది. ఉండాల్సినచోట ప్రిపోజిషన్ మింగేస్తాం. "నాకు వివరించు" కదా అని "ఎక్స్‌ప్లెయిన్ మీ" అంటాం. "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ" అనాలి. "టెల్ మీ" సరైనదే, "సే మీ" కాదు, "సే టు మీ". "పాట విను"లో విభక్తి కనపడదు, కానీ "లిజన్ ది సాంగ్" కుదరదు, "లిజన్ టు ది సాంగ్". డాక్టర్ రోగికి ఆపరేషన్ చేస్తే "ఆపరేటెడ్ ది పేషెంట్" కాదు, "ఆపరేటెడ్ ఆన్ ది పేషెంట్". "ఆన్" లేకపోతే రోగిని మెషిన్‌లా నడిపినట్టు అవుతుంది.

ప్రశ్నల్లో ఈ మింగుడు మరీ ఎక్కువ. "ఎవరి కోసం ఎదురు చూస్తున్నావు?" అన్నప్పుడు మన "కోసం" ప్రశ్న పదానికే అంటుకుని ముందే వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో ప్రశ్న పదం ముందుకు వెళ్ళిపోయినా ప్రిపోజిషన్ క్రియ దగ్గరే మిగిలిపోతుంది: "హూ ఆర్ యు వెయిటింగ్ ఫర్?" మనం చివరి "ఫర్" వదిలేసి "హూ ఆర్ యు వెయిటింగ్?" అంటాం. "వాట్ ఆర్ యు లుకింగ్ ఎట్?", "వేర్ ఆర్ యు ఫ్రమ్?", "వాట్ ఈజ్ ఇట్ మేడ్ ఒవ్?" అని వరసగా ఒక పదిసార్లు పైకి అనండి. వాక్యం చివర ప్రిపోజిషన్ పెట్టకూడదని పాత గ్రామర్ పుస్తకాల్లో ఒక నియమం కనిపిస్తుంది. మాట్లాడే ఇంగ్లిష్‌లో దాన్ని ఎవరూ పాటించరు, మీరూ పట్టించుకోకండి.

లేనిపోని యాడ్‌వెర్బ్ తగిలించడం ఇంకో జబ్బు. "కోప్ అప్ విత్" అని మన దేశమంతా అంటాం. అసలు మాట "కోప్ విత్", "అప్" మనం కలిపిందే. "రిటర్న్ బ్యాక్"లో "బ్యాక్" దండగ, "రిటర్న్"లోనే వెనక్కి అనే భావం ఉంది. ఇక "ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2015" అంటే మన దగ్గర డిగ్రీ అయిందని అర్థం. మన దేశం బయట ఈ మాట వింటే 2015లో స్పృహ తప్పి పడిపోయాడేమో అనుకుంటారు. సైనిక అకాడమీల పాసింగ్ ఔట్ పెరేడ్ సంగతి వేరు. ఉద్యోగం కోసం బయటి దేశాలకు పంపే కాగితాల్లో "గ్రాడ్యుయేటెడ్" అని రాసుకోవడం మంచిది.

ఆరో అడుగు: పొడుగు యాడ్‌వెర్బ్‌కు చోటు వెతకండి

ఇంతవరకు చూసినవి పొట్టి యాడ్‌వెర్బులు. "కేర్‌ఫుల్లీ", "హెవీలీ", "వెల్", "వెరీ మచ్" లాంటివి వాక్యంలో ఎక్కడ కూర్చోవాలి? ఒక గట్టి నియమం ఉంది. క్రియకూ దాని కర్మకూ మధ్య అవి రాకూడదు. "ఐ లైక్ వెరీ మచ్ దిస్ సాంగ్" తప్పు, "ఐ లైక్ దిస్ సాంగ్ వెరీ మచ్" ఒప్పు. తెలుగులో "బాగా" క్రియకు ముందు వస్తుంది: "ఇంగ్లిష్ బాగా మాట్లాడుతుంది". అదే వరసలో "షీ స్పీక్స్ వెల్ ఇంగ్లిష్" అంటే చెడుతుంది. "షీ స్పీక్స్ ఇంగ్లిష్ వెల్."

ఇప్పుడు అసలు విషయం. క్రియకూ కర్మకూ మధ్య దూరకూడని ఈ పొడుగు యాడ్‌వెర్బ్, క్రియకూ ప్రిపోజిషన్‌కూ మధ్య మాత్రం దర్జాగా కూర్చుంటుంది. "లుక్ కేర్‌ఫుల్లీ ఎట్ దిస్ పిక్చర్." "ఇట్ డిపెండ్స్ హెవీలీ ఆన్ ది వెదర్." "థింక్ సీరియస్లీ ఎబౌట్ ఇట్." "షీ స్పోక్ హైలీ ఒవ్ యు", అంటే నిన్ను చాలా మెచ్చుకుంది. క్రియ, యాడ్‌వెర్బ్, ప్రిపోజిషన్ ఈ వరసలో వస్తే వాక్యం సాఫీగా నడుస్తుంది. మంచి ఇంగ్లిష్ రాసేవాళ్ళ వాక్యాల్లో ఈ అచ్చు మాటిమాటికీ కనిపిస్తుంది, ఒకసారి కంటపడితే ఇక వదలదు.

ఇంకో లాభం కూడా ఉంది. ఇది మొదటి అడుగులోని ప్రశ్నకు మరో పరీక్ష. మధ్యలో పొడుగు యాడ్‌వెర్బ్ దూరగలిగితే చిన్న మాట ప్రిపోజిషన్. "లుక్ కేర్‌ఫుల్లీ ఎట్" కుదిరింది. "టర్న్ క్విక్లీ ఆఫ్ ది లైట్" కుదరదు, ఎందుకంటే "టర్న్ ఆఫ్" విడిపోవడానికి ఒప్పుకునేది కర్మ కోసమే, ఇంకెవరి కోసమూ కాదు. "టర్న్ ఆఫ్ ది లైట్ క్విక్లీ" లేదా "క్విక్లీ టర్న్ ఆఫ్ ది లైట్" అనుకోవాలి. "రైట్" లాంటి పొట్టి మాటలు మాత్రం చిన్న యాడ్‌వెర్బ్‌ను ఇంకాస్త గట్టిచేయడానికి దాని ముందు చేరతాయి: "కమ్ రైట్ ఇన్", "స్విచ్ ఇట్ రైట్ ఆఫ్".

"ఆల్వేస్", "నెవర్", "ఆఫెన్" సంగతి రెండు ముక్కల్లో. మామూలు క్రియకు ముందు, "ఈజ్", "ఆర్", "వాజ్"ల తర్వాత, సహాయక క్రియ ఉంటే మొదటిదాని తర్వాత. "హీ ఆల్వేస్ కమ్స్ లేట్", "హీ ఈజ్ ఆల్వేస్ లేట్", "హీ హ్యాజ్ నెవర్ కమ్ లేట్". దీని మీద ఇంతకన్నా సమయం పెట్టనక్కర్లేదు. "హార్డ్", "హార్డ్లీ" మాత్రం కలిపేయకండి. "హీ వర్క్స్ హార్డ్" అంటే ఒళ్ళు వంచి పనిచేస్తాడు. "హీ హార్డ్లీ వర్క్స్" అంటే దాదాపు పనే చేయడు. బాస్‌ను మెచ్చుకుంటూ మెయిల్ రాసేటప్పుడు ఇది గుర్తుంటే చాలు.

ఏడో అడుగు: ఇప్పుడు అర్థాల దగ్గరికి రండి

అర్థాలు నేర్చుకోవడానికి క్రియ వైపు నుంచి కాకుండా చిన్న మాట వైపు నుంచి వెళ్ళండి. "గెట్"తో వచ్చే ముప్పై జంటలు ఒకచోట చదివితే తల తిరుగుతుంది. "అప్"తో వచ్చేవి ఒకచోట పెడితే వాటిలో పోలిక కనిపిస్తుంది.

మన భాషలో ఇలాంటి పని క్రియ చివర జరుగుతుంది. "తిను" వేరు, "తినేయ్" వేరు. "అయింది" వేరు, "అయిపోయింది" వేరు. "చూడు" వేరు, "చూసుకో" వేరు. "ఏయ్", "పో", "కో" తగిలించి పని పూర్తయిందనో, చేయి దాటిందనో, తన బాధ్యత అనో చెబుతాం. ఇంగ్లిష్‌లో ఆ తోకే చిన్న మాట. "ఈట్ అప్" తినేయడం, "యూజ్ అప్" వాడేయడం, "టేర్ అప్" ముక్కలుగా చించేయడం, "డ్రింక్ అప్" తాగేయడం. ఈ "అప్"కు పైకి అన్న అర్థమే లేదు, పూర్తిగా అని అర్థం. "త్రో అవే" పారేయడం, "గివ్ అవే" ఇచ్చేయడం, "రన్ అవే" పారిపోవడం. తెలుగు అనువాదంలో "ఏయ్", "పో" వాటంతటవే వచ్చి చేరుతున్నాయి చూడండి. అన్నిచోట్లా ఇలా అతకదు గానీ, పట్టు దొరకడానికి ఇది చాలు.

"అప్"కు ఇంకో ముఖం పెరగడం: "స్పీడ్ అప్", "స్పీక్ అప్", "టర్న్ అప్ ది వాల్యూమ్". దానికి ఎదురుగా తగ్గడానికి "డౌన్": "స్లో డౌన్", "కామ్ డౌన్", "కట్ డౌన్". "ఆఫ్"లో తెగిపోవడం, దూరం కావడం ఉంటుంది: "కట్ ఆఫ్", "టేక్ ఆఫ్", "కాల్ ఆఫ్", "పుట్ ఆఫ్". చివరి రెండూ జాగ్రత్త. "కాల్ ఆఫ్" రద్దు చేయడం, "పుట్ ఆఫ్" వాయిదా వేయడం. మీటింగ్ విషయంలో ఒకదాని బదులు ఇంకోటి అంటే జనం రాకుండా పోతారు. "ఔట్"లో ఒకటి బయటపడటం, "ఫైండ్ ఔట్", "ఫిగర్ ఔట్". ఇంకోటి ఖాళీ కావడం, "రన్ ఔట్", "సెల్ ఔట్". "ఆన్" అంటే సాగుతూ ఉండటం: "గో ఆన్", "క్యారీ ఆన్". "ఓవర్", "త్రూ" లాంటివి ఇంత బుద్ధిగా ఒక గుంపులో ఇమడవు, వాటిని వాక్యాల్లో పట్టుకోవాల్సిందే.

ఫారం నింపడం దగ్గర ఒక చిన్న తేడా. మనం "ఫిల్ అప్ ది ఫారం" అంటాం. బ్రిటిష్ వాళ్ళు ఎక్కువగా "ఫిల్ ఇన్" అంటారు, అమెరికన్లు "ఫిల్ ఔట్" అంటారు. "ఫిల్ అప్" వాళ్ళకు ట్యాంకులూ గ్లాసులూ నింపడం.

ఎక్కడ ఏ మాట అన్నది కూడా చూసుకోవాలి. మాటల్లో "పుట్ ఆఫ్", "లుక్ ఇంటు", "పుట్ అప్ విత్" సహజంగా ఉంటాయి. నోటీసుల్లో, ఒప్పందాల్లో వాటి బదులు "పోస్ట్‌పోన్", "ఇన్వెస్టిగేట్", "టాలరేట్" వస్తాయి. పుస్తకాల్లో ఇంగ్లిష్ చదివి వచ్చిన మనకు రెండో రకమే ముందు నోటికి వస్తుంది. స్నేహితుడితో "ఐ కెనాట్ టాలరేట్ దిస్ నాయిస్" అంటే తప్పు కాదు గానీ, కోర్టులో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఎనిమిదో అడుగు: నోట్‌బుక్‌లో ఎలా రాసుకోవాలి

"టర్న్ ఆఫ్ అంటే కట్టేయడం" అని రాసుకుంటే స్థానం పోతుంది. లెర్నర్స్ డిక్షనరీలు చూడండి, చాలావాటిలో "టర్న్ సమ్‌థింగ్ ఆఫ్" అని కర్మను మధ్యలో చూపిస్తారు. "లుక్ ఆఫ్టర్ సమ్‌బడీ" అని చివర్లో చూపిస్తారు. "సమ్‌థింగ్" ఎక్కడ నిలబడిందన్నదే మీకు కావాల్సిన సమాచారం. మీరూ అలాగే, చోటు చూపిస్తూ రాసుకోండి. దాని కింద మీకు నిజంగా అవసరమయ్యే ఒక వాక్యం, ఆ వాక్యంలో తప్పకుండా ఒక సర్వనామం.

ఉదాహరణకు "పిక్ అప్" అనుకోండి. ఒక పేజీ ఇలా ఉండొచ్చు. పైన "పిక్ సమ్‌బడీ అప్". కింద "ఐ విల్ పిక్ యు అప్ ఎట్ సిక్స్", ఆరింటికి వచ్చి తీసుకెళ్తాను. దాని కింద "పిక్ సమ్‌థింగ్ అప్", "ఐ పిక్డ్ ఇట్ అప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్", స్నేహితుల దగ్గర వింటూ నేర్చుకున్నాను. ఆ కింద కర్మ లేని వాడుక, "సేల్స్ ఆర్ పికింగ్ అప్", అమ్మకాలు పుంజుకుంటున్నాయి. ఈ మూడింటికీ అర్థాలు వేరైనా, కర్మ ఉన్న రెండిటిలోనూ సర్వనామం మధ్యలోనే ఉందని ఒక్క చూపులో తెలుస్తుంది.

రోజుకు ఇలాంటిది ఒక్కటి చాలు. వార్త చదువుతున్నా, సబ్‌టైటిల్స్ చూస్తున్నా, క్రియ పక్కన చిన్న మాట కనపడితే ఆగి "ఇట్" పెట్టి చూడండి. ఎటు కుదిరిందో తేలకపోతే డిక్షనరీలో "సమ్‌థింగ్" ఎక్కడుందో చూసి నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. వారం చివర్లో తెలుగు అర్థాలు మాత్రమే కనపడేలా పేజీ మూసి, వాక్యాలు పైకి చెప్పండి. సర్వనామంతో చెప్పగలిగినవి కొట్టేయండి, తడబడినవి వచ్చే వారానికి ఉంచుకోండి.